కొలతకు పెట్టిన చేయి

కెలవరపల్లి, హోసూరు తాలూకా
18 ఆగస్టు 2003

మంజులకు,

క్షేమమని మొదలుపెట్టాలంటే చేయి రావడం లేదు. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. మా సంగతి నీ చెవికి, కృష్ణగిరికి చేరేసరికి తలా తోకా మారిపోయి ఉంటుంది. జరిగింది ఇది. పోయిన కార్తీకంలో రాగి కంకులు పాలు పట్టినప్పుడు, పందులు దినమూ దిగుతున్నాయని మా ఇంటాయన చేని చుట్టూ కరెంటు తీగ కట్టినాడు. పందికని కట్టిన తీగకు ఏనుగు పిల్ల తగిలి చచ్చిపోయింది. దాని తల్లి ఎండ ఎక్కేదాకా తొండంతో మన్ను తీసి దాని మీద పోస్తా నిలబడింది. ఫారెస్టువాళ్ళ జీపు వచ్చే లోపల ఈయన ఒంటి మీది చొక్కాతో ఏరు దాటి పోయినాడు. కేసు రాసినారు. అప్పటి నుంచి ఒక కబురు లేదు.

నిన్న ఒక కవరు వచ్చింది. అడ్రసు ఎవరో తమిళంలో రాసినారు, ముద్ర చెన్నైది. లోపల ఉత్తరం లేదు, ఒక ఫోటో ఉంది. కొబ్బరి మాను మొదట్లో ఒక జీవం. పీత అందామంటే కుక్కపిల్లంత ఉంది, కాళ్ళు నీలంగా ఉన్నాయి. మా అత్త పిల్లమ్మ చూసి, "ఇదేం పీడమ్మా, తేలుకీ పీతకీ పుట్టినట్లుండాది. ఇంట్లో పెట్టొద్దు, పారేయి" అనింది.

నేను పారేయలేదు. ఆ జీవం పక్కన ఒక ఎడమ చేయి ఉంది, మంజులా. చూపుడు వేలు సగమే ఉంది. ఏనుగులను తరిమే టపాకాయ చేతిలోనే పేలి ఆయనకు పోయిన వేలు అది. వేరే ఎవరి చేయీ కాదు.

నీకు జ్ఞాపకం ఉందా, మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన నిన్ను ఏడిపిస్తా ఉండేది. "నీ చదువుకి పేరు తెలీని జీవాన్ని ఒగ దినం తెచ్చి చూపిస్తా చూడు మంజులమ్మా" అనేవాడు. నువ్వేమో, "తేవద్దు, ఫోటో తీసుకో. పక్కన ఏదైనా పెట్టి తీయి, లేకుంటే దాని సైజు నాకు తెలీదు" అన్నావు. చూడు, పక్కన తన చేయే పెట్టినాడు. ఉత్తరం రాస్తే ఎవరి చేతిలోనైనా పడుతుందని భయం. అందుకని ఇట్ల నిన్ను అడిగినట్టు అడిగి, నీ ద్వారా నాకు చెబుతున్నాడు. ఈ జీవం యాడ ఉంటుందో చెప్పు. అది యాడ ఉంటే ఆయన ఆడ ఉన్నట్టు.

నీ
నాగవేణి


కృష్ణగిరి
25 ఆగస్టు 2003

నాగవేణీ,

నీ కవరు చించి ఫోటో చూసి గట్టిగా నవ్వాను. మా కాలేజీ జువాలజీ స్టాఫ్ రూంలో అందరూ తలలు తిప్పి చూశారు. నీ మొగుడు మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు.

అది కొబ్బరి పీత. నేల మీద బతుకుతుంది, మాను ఎక్కుతుంది, కొబ్బరికాయ పీచు ఒలిచి చిల్లు పెట్టి తింటుంది. పక్కన చేయి ఉంది కాబట్టి లెక్క వేశాను, మూరెడు పైనే ఉంది, మంచి వయసు మీద ఉన్నది. ఇక నీకు కావలసిన మాట. మన దేశంలో ఇది నికోబారు దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. చెన్నైలో ఓడ ఎక్కితే రోజుల ప్రయాణం. అక్కడ రోడ్ల పనికీ జెట్టీల పనికీ మన వైపు నుంచి మనుషులు పోతూ ఉంటారు. ఏనుగు కేసు అంత దూరం వెతుక్కుంటూ వెళ్ళదు.

అంటే కేశవప్ప క్షేమంగా ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు, నువ్వు కంగారు పడవద్దని చెబుతున్నాడు. ఇంత మాట ఒక పీతతో చెప్పించినందుకు ఆయన వచ్చాక నేనే ఒక పూట భోజనం పెడతాను. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేసెయ్యి. ఇంకో ఫోటో వస్తే వెంటనే పంపు. నాకు కూడా ఆత్రంగా ఉంది.

మంజుల


కెలవరపల్లి
9 జూలై 2004

మంజులా,

దీనితో ఐదో ఫోటో. ఇసుకను ఇంటి ఎత్తు కుప్ప పోసి అందులో గుడ్లు పెట్టే పిట్ట అని పోయినసారి నువ్వు రాసినది చదివి వినిపిస్తే మా అత్త, "మన కోళ్ళకి ఆ బుద్ధి లేకపోయె, ఇసక కొనే పని తప్పేది" అని నవ్వింది. కొడుకు ఇల్లు విడిచినాక ఆమె నవ్వడం అదే మొదలు. ఈసారిది పాము మాదిరి ఉంది, తోక మటుకు తెడ్డు మాదిరి చదునుగా ఉంది. పేరు చెప్పు.

నువ్వు జీవాన్ని చూడు, నేను చేతిని చూసుకుంటాను. నాకు చేతిలో అంతా తెలుస్తుంది. రెండో ఫోటోలో గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి, కత్తిరించుకునే తీరిక లేదు. మూడో దాంట్లో బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. పోయినసారి చేయి నల్లబడింది కాని సన్నబడలేదు, అన్నం తింటున్నాడు. దీంట్లో మణికట్టుకు నల్లదారం కొత్తది కట్టుకున్నాడు. ఎవరు కట్టినారో అడగాలి, వచ్చినాక.

ఆ కేసు వాయిదాల మీద వాయిదాలు పడి చల్లారిపోయేట్టు ఉందని ఆయన అన్న, మా బావ అంటున్నాడు. వచ్చే రాగి కోతకు ఆయన ఈడ ఉంటాడని నా మనసు చెబుతా ఉంది. నువ్వు తిప్పి పంపిన ఫోటోలన్నీ వరసగా గోడకు అంటించినాను. పక్కింటివాళ్ళు వచ్చి జంతు ప్రదర్శన చూసినట్టు చూసి పోతున్నారు. వాళ్ళకు అన్ని జీవాలూ కనిపిస్తాయి, ఆ చేయి కనిపించదు.

నీ
నాగవేణి


కృష్ణగిరి
3 జనవరి 2005

నాగవేణీ,

అల సంగతి నీకు రేడియోలో తెలిసే ఉంటుంది. కడలూరు, నాగపట్నం గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు గాని, నేను పేపరులో నికోబారు గురించి రాసినది చదివాను. జెట్టీలు లేవట. కొన్ని ఊళ్ళు ఉన్నచోట నీళ్ళే ఉన్నాయట.

ఏమి రాయాలో తెలియడం లేదు. ఏదైనా కబురు వచ్చిందా? కొండ మీద ఎక్కడో పనిలో ఉండి ఉండవచ్చు. ఒక్క ముక్క రాయి. సెలవు దొరికితే నేనే వస్తాను.

మంజుల


కెలవరపల్లి
27 ఫిబ్రవరి 2005

మంజులా,

వచ్చింది. నువ్వు ఏడవద్దు, నేను ఏడ్చింది చాలు. ఫోటో వచ్చింది.

కవరుకు స్టాంపు లేదు, ముద్ర లేదు. పోస్టుమాను సంచిలో అడుగున ఉందట, "ఇది నేను వేసుకున్న కవరు కాదమ్మా, యాడ నుంచి వచ్చిందో" అంటా ఇచ్చిపోయినాడు. తడిసి ఆరినట్టు ఉంది, నాలుక పెడితే ఉప్పగా ఉంది. ఫోటో అంతా చీకటి. ఆ చీకట్లో ఒక నల్ల చేప, నోరంతా సూదుల మాదిరి పళ్ళు. నెత్తి మీద ఒక పుల్ల వేలాడుతుంది, పుల్ల చివర చిన్న దీపం. ఆ దీపం వెలుగులోనే చేయి కనిపిస్తా ఉంది. సగం వేలు. నల్లదారం. ఆయనే.

ఇంకొక సంగతి. పోయిన వారం, ఈ ఫోటో వచ్చిన మరుసటి దినం, తాలూకాఫీసు నుంచి ఒకాయన వచ్చినాడు. హోసూరు కేశవప్ప అని ఒకడు దీవుల్లో పనిలో ఉండేవాడని ఆడి మేస్త్రీ చెప్పినాడట. ఆనవాలు తెలియని శవాల ఫోటోలు పెద్ద కవరులో తెచ్చినాడు. "ఒక్కసారి చూసి చెప్పమ్మా, చూడాల్సిన బాధ్యత మాది" అంటా మర్యాదగానే అడిగినాడు. నేను కవరు ముట్టలేదు. "నా మొగుడి ఫోటో నాకు వస్తా ఉండాది సామీ, మీ ఫోటోలు నాకెందుకు" అన్నాను. మా అత్త, "చూసేయి తల్లీ, కాదని తెలిస్తే మనకీ నిమ్మళం కదా" అని బతిమాలింది. కసిరినాను. ఆయన కవరు చంకన పెట్టుకుని పోయినాడు, ఎప్పుడైనా ఆఫీసుకు వచ్చి చూడవచ్చునని చెప్పినాడు.

ఈ దీపం చేప యాడ ఉంటుందో రాయి. అల తరువాత ఆయన ఏ ఊరు చేరినాడో తెలిసిపోతుంది.

నీ
నాగవేణి


కృష్ణగిరి
6 మార్చి 2005

నాగవేణీ,

ఫోటో అందింది. చేప బాగుంది. ఇలాంటివి సముద్రాల్లో అక్కడక్కడా దొరుకుతాయి. అలకు ఒడ్డున పడి ఉంటుంది, కేశవప్ప చూసి ఫోటో తీసి ఉంటాడు. అంతా బాగుంది.

కాలేజీలో పరీక్షలు, పని ఎక్కువగా ఉంది. ఆ ఫోటో నా దగ్గరే ఉంచుకుంటాను, నువ్వు గోడకు అంటించవద్దు. మిగతావి కూడా తీసి పెట్టెలో పెట్టు, పిల్లమ్మత్తకు కళ్ళ ముందు ఎందుకు.

తాలూకాఫీసు ఆయన మళ్ళీ వస్తే ఒకసారి చూడు. చూడటంలో తప్పు లేదు.

మంజుల


కెలవరపల్లి
14 మే 2005

మంజులా,

హోసూరు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి నాకు నీ సంగతి తెలుసు. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు బాగుంది, బాగుంది అని రెండుసార్లు అంటావు. ఆ చేప సంగతి ఏదో దాచినావు. దాచుకో. నాకు ఇప్పుడు కోపం లేదు, ఎందుకంటే రెండు ఫోటోలు వచ్చినాయి.

ఇవి పోస్టుమాను తెచ్చినవి కావు. మొదటిది పొద్దున కల్లాపి చల్లడానికి తలుపు తీస్తే గడప మీద ఉంది. రెండోది పాల చెంబు కింద. తడి తడిగా, బురద వాసనతో. మొదటి దాంట్లో బురద మీద కూర్చున్న చేప, కప్ప కళ్ళు, రెక్కలను చేతుల మాదిరి ఆనించుకుని ఉంది. రెండోది నాకే తెలుసు, మొసలి. రాళ్ళ మీద నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఈయన దాని నోటి ముందర చేయి పెట్టినాడు. అంత ధైర్యం ఏమిటికో. మొసలి కూడా ఆ చేతిని పట్టించుకున్నట్టు లేదు.

మణికట్టు మీద తెల్లగా ఏవో ఉన్నాయి, గింజల మాదిరి, గుత్తులు గుత్తులుగా. చర్మవ్యాధి ఏమో. చేయి ఉబ్బింది కూడా. ఉప్పు నీళ్ళలో పని చేస్తే అట్ల అవుతుందా? వేపాకు నూరి పెట్టుకోమని చెప్పే దారి కూడా లేదు నాకు.

ఇంట్లో రెండు వారాలుగా ఒక వాసన. చేపల సంతలో ఉన్నట్టు. నేను కడిగి కడిగి విసిగిపోయినాను. మా అత్త బావ ఇంటికి పోయి పడుకుంటా ఉంది. పోతా పోతా, "వాడు నా కడుపున పుట్టినోడే నాగవేణీ. ఈ వాసన మాత్రం నా బిడ్డది కాదు" అనింది. ముసలామెకు చాదస్తం.

రెండూ పంపుతున్నాను. బురద చేప యాడిది, మొసలి యాడిది, చెప్పు. దాచకుండా చెప్పు.

నీ
నాగవేణి


కృష్ణగిరి
21 జూన్ 2005

నాగవేణీ,

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు నన్ను ఎన్ని తిట్లు తిట్టి ఉంటావో తెలుసు. రాసి, చించి, రాసి, చించాను. నిన్న జరిగినదాని తరువాత దాచడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

బురద చేప ఏరు సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల కింద ఉంటుంది. ఫోటోలో వెనక కనిపించే పాడుపడిన లైట్‌హౌసు కడలూరుది, పిల్లలను టూరు తీసుకుపోయినప్పుడు దాని కిందే అన్నం తిన్నాం. మొసలి సాతనూరు ఆనకట్టది. కడలూరులో సముద్రంలో కలిసే ఏరు ఏది? సాతనూరులో ఆనకట్ట కట్టింది ఏ ఏటి మీద? మీ ఇంటి ముందు పారేదే, నాగవేణీ. మన దక్షిణ పెన్నేరే. కడలూరు, సాతనూరు, కృష్ణగిరి, కెలవరపల్లి. ఏటికి ఎదురు వస్తున్నాడు.

నిన్న కాలేజీ నుంచి వచ్చేసరికి నా వాకిట్లో కవరు ఉంది. పేరు లేదు. లోపల ఫోటో. మెత్తటి డిప్ప ఉన్న తాబేలు, రాతి మెట్టు మీద. పక్కన చేయి. ఆ మెట్లు నాకు తెలుసు, మన కృష్ణగిరి డ్యాములో చేపలవాళ్ళు పుట్టి పడవలు కట్టే చోటు. ఆటో ఎక్కి పోయాను. పట్టపగలు, చేపలు అమ్మేవాళ్ళు, పిల్లలు, ఐసుబండి అన్నీ ఉన్నాయి. డ్యాములో నీళ్ళు లేవు, ఎక్కడో దిగువన ఉన్నాయి. మెట్లన్నీ ఎండకు కాలిపోతున్నాయి. ఫోటోలో ఉన్న ఆ ఒక్క మెట్టు మాత్రం తడిగా ఉంది. చేపలమ్మే అంగాళమ్మ అనే ఆమెను అడిగితే, "నిన్నట్నుంచి ఆరలేదక్కా, మేము ఆడ కూర్చోము" అని అటువైపు చూడకుండా చెప్పింది.

ఇప్పుడు చేప సంగతి. ఆ దీపం చేప ఒడ్డుకు రాదు. మైలు లోతున, సూర్యుడి వెలుగు ఎన్నడూ పడని చోట బతుకుతుంది. ఆ ఫోటోలో ఇంకే వెలుగూ లేదు. భూతద్దం పెట్టి చూశాను. చేప నీళ్ళలోనే ఉంది, ప్రాణంతో ఈదుతోంది. దాని దీపం వెలుగే ఆ చేతి మీద పడింది. ఆ లోతులో మనిషి చేయి ఉండకూడదు. ఆ ఫోటో తీసిన కెమెరా ఉండకూడదు.

మణికట్టు మీద ఉన్నవి వ్యాధి కాదు. ఓడల అడుగున, నీళ్ళలో తేలే దుంగలకు అంటుకుని పెరిగే గవ్వ పురుగులు. వాటి సైజు చూసి ఆ దుంగ ఎన్నాళ్ళుగా నీళ్ళలో ఉందో చెబుతాం. నేను కొలిచాను. అల వచ్చిన నాటి నుంచి సరిపోయింది. ప్రాణం ఉన్న మనిషి చేతి మీద అవి పెరగవు.

కేశవప్ప బతికి లేడు. ఈ మాట నీకు ఇంకెవరు చెబుతారు? ఏటి ఒడ్డున ఆ ఇంట్లో ఒంటరిగా ఉండకు. ఇక్కడికి వచ్చెయ్యి. నేను తోడు ఉంటాను, తాలూకాఫీసుకు పోయి ఆ ఫోటోలు చూద్దాం.

మంజుల


కెలవరపల్లి
30 జూలై 2005

మంజులమ్మగారికి,

నీ ఉత్తరం అందింది. ఎంత చదువు చదివినావు. ఒక మనిషి ఇంటికి వస్తా ఉంటే చచ్చినాడని తేల్చే చదువు. నీకు మొగుడు లేడు, మొగుడి చేయి ఎట్ల ఉంటుందో నీకు తెలియదు. పురుగులను సీసాలో వేసి చూసే కళ్ళతో నా ఇంటాయనను చూసినావు. నీకు పంపడమే నా తప్పు.

నువ్వు సంతోషపడతావో లేదో కాని, ఆయన వచ్చేసినాడు. పోయిన వానకు చేనులో నాగటి చాలులో నీళ్ళు నిలిచినాయి. ఆ చాలులో మీసాల చేప ఒకటి నేల మీద పాకుతా ఉన్నట్టు ఫోటో. అది ఏమి చేపో నాకే తెలుసు, వానకు చెరువు విడిచి నేల మీద నడుస్తుంది. పేరు నువ్వు చెప్పనవసరం లేదు. దాని పక్కన చేయి. మా చేని గట్టు, మా రాగి మొలక. ఇంటికీ చేనికీ మధ్య దొడ్డి ఒకటే అడ్డం.

తలుపు గడియ పెట్టడం మానినాను. రెండు కంచాలు కడిగి పెడుతున్నాను. నన్ను పిచ్చిదనుకో. మా బావ, పురోహితుడిని పిలిపించి దర్భతో బొమ్మ చేసి దహనం చేద్దామని చెప్పి పంపినాడు. బతికున్నవాడికి కొరివి పెట్టే చేతులు నరుకుతానని చెప్పి పంపినాను.

నువ్వు నాకు ఉత్తరాలు రాయవద్దు.

నాగవేణి


కృష్ణగిరి
8 ఆగస్టు 2005

నాగవేణీ,

రాయవద్దన్నావు. ఇదొక్కటి చదువు, తరువాత నీ ఇష్టం.

మా ల్యాబులో పై అరలో ఒక సీసా ఉంది. నేను చేరకముందు నుంచీ ఉంది. ఎవరో ఎక్కడి నుంచో తెచ్చిన జీవం, ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. పేరు తెలియదు కాబట్టి పుస్తకంలో ఎక్కించలేరు, పూడ్చిపెట్టనూ లేరు. ఏడాదికొకసారి సీసాలో మందు మార్చి మళ్ళీ అక్కడే పెడతారు. దాన్ని చూస్తే నాకు ఎప్పుడూ పాపం అనిపిస్తుంది.

ఆ ఫోటోలన్నీ మళ్ళీ మళ్ళీ చూశాను. నేను చేసిన పొరపాటు ఏమిటో ఇప్పుడు తెలిసింది. జీవం ఏమిటో చెప్పమని అడుగుతున్నాడనుకున్నాను, చేయి కొలతకు పెట్టాడనుకున్నాను. కాదు. ప్రతి ఫోటోలో జీవం మారింది. మారనిది ఆ చేయి ఒక్కటే. ఆయన చూపించి అడుగుతున్నది దాన్నే. ఇది ఎవరిదో చెప్పమంటున్నాడు.

ఆ తాలూకాఫీసు కవరులో ఆయన ఎవరూ కాకుండా ఉన్నాడు. జీవాల పేర్లు నేను చెప్పగలను. ఆ చేయి పేరు చెప్పగలిగింది నువ్వు ఒక్కదానివే. చెప్పేదాకా ఆయనకు దారి లేదు, వస్తూనే ఉంటాడు. చేను దాకా వచ్చాడంటున్నావు. తరువాత ఎక్కడికి వస్తాడు? నాకు ఆయన అంటే భయం కాదు. నువ్వు ఆ తలుపు తీసి పెట్టుకుని కూర్చోవడం నాకు భయం.

మంజుల


కెలవరపల్లి
11 సెప్టెంబరు 2005

మంజులా,

పోయిన ఉత్తరంలో అన్నవన్నీ అనకూడని మాటలు. నీ ముందు కూర్చుని ఏడిస్తే తప్ప తీరవు. ముందు ఇది చదువు.

కృష్ణాష్టమి పోయిన మరుసటి దినం అన్నం తిని వసారాలో చాప వేసుకుని కునుకు తీసినాను. లేచి చూస్తే చాప ఒక పక్క నా చెంప దాకా తడిసి ఉంది. తల కింద కవరు. ఈసారి ఫోటోలో చేపా లేదు, పురుగూ లేదు. మా వసారా. చాప మీద ఒక ఆడది పక్కకు తిరిగి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతా ఉంది. పచ్చ చీర, ఆ దినమే పెట్టెలో నుంచి తీసి కట్టినది. ఆమె మొహం పక్కన కొలతకు పెట్టినట్టు చేయి పెట్టి ఉంది.

కేక పెట్టినాను. భయపడలేదని నీకు గొప్పలు చెప్పను. లేచి దొడ్లోకి పరిగెత్తి, కాసేపటికి మళ్ళీ వచ్చి ఫోటో తీసుకుని వెలుతురులో కూర్చున్నాను. ఆ చేతిని అప్పుడు నీ మాదిరి చూసినాను. చర్మం వదులై జారిపోతా ఉంది. గోళ్ళు రెండు లేవు. తెల్ల గవ్వలు మోచేతి దాకా ఎక్కినాయి. నిద్రలో నా చెంప గిల్లి లేపే అలవాటు ఆయనకు. ఇప్పుడు మాత్రం ఒక వేలు ఎడంగా ఆపినాడు. తాకలేదు. తాకకూడదని ఆయనకు తెలుసు, మంజులా. అది చూసి నాకు భయం పోయింది.

మరుసటి దినం మా అత్తను తీసుకుని తాలూకాఫీసుకు పోయినాను. ఆ మర్యాద మనిషే ఉన్నాడు. బల్ల మీద ఫోటోలు పరిచి, "మొహాలు చూడొద్దమ్మా, చూసినా తెలీదు. చేతులు, కాళ్ళు, బట్టలు చూడు" అన్నాడు. మొహాలు మొహాలుగా లేవు. మా అత్త గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఒక్కొక్కటీ చూస్తా పోయినాను. జనవరి చివర ఓడవాళ్ళకు నడి నీళ్ళలో దొరికిన మనిషి అని ఒకదాని కింద రాసి ఉంది, ఒడ్డున పూడ్చినారట. ఎడమ చేయి పొట్ట మీద ఉంది. సగం వేలు. నల్లదారం. తెల్ల గవ్వలు.

"ఇదా?" అన్నాడాయన.

ఆ నల్లదారం మీద వేలు పెట్టినాను. మా అత్త వెనక నుంచి నా భుజం పట్టుకునింది. "చెప్పు తల్లీ" అనింది.

"ఈన నా మొగుడు" అన్నాను. "కేశవప్ప. కెలవరపల్లి." ఆయన మళ్ళీ ఒకసారి చెప్పమంటే మళ్ళీ చెప్పినాను. రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి ఏటిలో పాలు పోసినాము. మా బావ పోస్తానన్నాడు, నేనే పోసినాను. నీళ్ళ మీద నురుగు తెట్టు కట్టి ఉంది, పాలు ఏవో నురుగు ఏదో తెలియలేదు. చేయవలసినవన్నీ చేయించినాను.

ఆ దినం నుంచి వాసన లేదు. వసారా ఎండిపోయింది. మా అత్త తిరిగి ఇంటికి వచ్చి గురక పెట్టి నిద్రపోతా ఉంది. మంచి పని చేసినావని అందరూ అంటున్నారు. నువ్వు కూడా అంటావు.

నీకు మాత్రం ఒకటి చెప్పాలి. ఆ ఫోటోలు చూడనని మొండికేసింది ఆయన బతికున్నాడని నమ్మి కాదు. దీపం చేప ఫోటో చేతికి తీసుకున్న దినమే నాకు తెలుసు. ఆ చేయి తల కింద పెట్టుకుని పన్నెండేళ్ళు పడుకున్నదాన్ని, ప్రాణం ఉందో లేదో నాకు తెలియదా? ఇది నా మొగుడని ఒకసారి నోటితో అంటే ఇంక రాడని భయపడినాను. అందుకని అనలేదు. చచ్చినవాడైనా సరే, నెలకొకసారి ఆ చేయి చూసుకుంటా ఉంటే చాలనుకున్నాను.

ఇప్పుడు అన్నాను. పొద్దున తలుపు తీసి గడప చూస్తాను, పాల చెంబు ఎత్తి చూస్తాను. ఏమీ ఉండదు.

నీ
నాగవేణి